మూడు తరాల వలస కథను ‘నేను’ అని రాయడం ఎలా

సోంపేట, కవిటి, సంతబొమ్మాళి, భోగాపురం, పూసపాటిరేగ. ఉత్తరాంధ్ర తీరంలో ఈ వైపు వలస కథ లేని ఇల్లు అరుదు. ఒక తరం బర్మాలోని రంగూన్ రేవుకు వెళ్ళింది, తర్వాతి తరం ఖరగ్‌పూర్ రైల్వేకి, ఆ తర్వాతిది హైదరాబాదు మీదుగా అమెరికాకు. ఏటా చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి వచ్చే మత్స్యకార కుటుంబాలు, చెన్నైలో మేడలు కట్టడానికి వెళ్ళే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. ఈ కథలు రాద్దామని కూర్చున్నవాళ్ళు ఎక్కువగా ‘నేను’తో మొదలుపెడతారు. మనసుకు దగ్గరగా ఉంటుంది, చెయ్యి సాగుతుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి 1978లో పుట్టిన మనవరాలు 1942లో తాత నడిచొచ్చిన అడవిని చెట్టు చెట్టునా వర్ణిస్తూ ఉంటుంది. ఇదంతా ఈ అమ్మాయి ఎప్పుడు చూసింది అని పాఠకుడికి తోచిందంటే, ఆ తర్వాత ఆమె ఏం చెప్పినా సగమే నమ్ముతాడు.

అందుకని కథ చెప్పే మనిషికి ఏం తెలియదో ముందు తేల్చుకోండి. పాత్ర తయారయ్యేది అక్కడే. కింది మెట్లన్నీ ఆ పని కోసమే.

1. ముందు ఏళ్ళ లెక్క

ఒక పొడవాటి కాగితం మీద గీత గీసి, 1915 నుంచి ఇప్పటిదాకా ఐదేళ్ళకొక గుర్తు పెట్టండి. దాని కింద ఒక్కో మనిషికి ఒక్కో గీత. ఉదాహరణకి ఇలా అనుకుందాం. తాత 1918లో బారువ దగ్గరి ఊళ్ళో పుట్టాడు. 1936లో, 18 ఏళ్ళకు రంగూన్ వెళ్ళాడు. 1942లో తిరిగొచ్చాడు. కొడుకు 1946లో పుట్టి, 1966లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరాడు. మనవరాలు 1978లో అక్కడే పుట్టింది, 2001లో అమెరికా వెళ్ళింది. ఆమె కూతురు 2008లో న్యూజెర్సీలో పుట్టింది. తాత 1989లో పోయాడు.

ఇప్పుడు కాగితాన్ని నిలువుగా చదవండి. తాత పోయేనాటికి మనవరాలికి 11 ఏళ్ళు. అంటే తాత నోటి నుంచి ఆమె విన్నదంతా పదకొండేళ్ళలోపు పిల్ల విన్నదే. ఆ వయసు పిల్లకు తాత కాలికి వేలు లేకపోవడం గుర్తుంటుంది, అది ఎక్కడ పోయిందో అడగాలని తోచి ఉండదు. ఈ ఒక్క లెక్కతో పుస్తకం సగం తీరు మారిపోతుంది. ముని మనవరాలికి తాత గోడ మీది ఫొటో, అంతే.

ఉద్యోగాల లెక్క కూడా ఇక్కడే సరిచూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ వయసు 1998లో 58 నుంచి 60కి పెరిగింది. 1946లో పుట్టిన కొడుకు 2006లో రిటైరవుతాడు. అదే 1938లో పుట్టి ఉంటే 1996లోనే 58 నిండి ఇంటికొచ్చేవాడు. ఆ పదేళ్ళలో ఊళ్ళో ఇల్లు కట్టించడం, కూతురు విమానం ఎక్కడం, ఫోను చేతికి రావడం అన్నీ తారుమారవుతాయి.

జిల్లా పేర్ల దగ్గర చాలామంది జారిపడతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం వైపు గంజాం జిల్లా. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వచ్చింది, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం. కాబట్టి 1936లో ఓడెక్కిన తాత ‘మాది శ్రీకాకుళం జిల్లా’ అనడు. 1955లో పార్వతీపురంలో పుట్టిన ముసలామె మాత్రం, ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల్లో బతికాను అని నిజంగానే చెప్పుకోగలదు.

చరిత్రలో జరిగిన సంఘటనల విషయంలో ఒక నియమం పెట్టుకోండి: ఒక మనిషి జీవితానికి రెండుకు మించి వద్దు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ జరిగిన గొడవలు, 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు, ఆ తర్వాత 1942లో బర్మా నుంచి ఇండియాకు నడక, 1964 నాటి బర్మా జాతీయీకరణ తర్వాత వెనక్కి రావడం, ఇవన్నీ ఒకే తాత నెత్తిన పెడితే అతను మనిషిగా మిగలడు. 1936లో వెళ్ళినవాడు 1930 గొడవల్ని తనకంటే ముందు వెళ్ళిన మనిషి నోట వింటాడు. ఆ వినికిడి భయంగా మారి అతను రేవులో ఏ పక్కన పడుకుంటాడో, ఎవరితో మాట్లాడడో నిర్ణయిస్తుంది. చూపించాల్సింది అదే.

2. ఎవరితో చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు

‘నేను’ అన్న ప్రతివాడూ ఎవరికో చెబుతుంటాడు. ప్రతి అధ్యాయం చిత్తుప్రతి పైన మూడు విషయాలు రాసుకోండి: చెప్పేది ఎవరు, వినేది ఎవరు, ఆ రోజుకు చెప్పేవారి వయసెంత. తర్వాత చెరిపేయవచ్చు. రాస్తున్నంతసేపూ అవి కళ్ళెదుట ఉండాలి.

తాత చదువుకోలేదు. అతని ‘నేను’ కాగితం మీదకు ఎలా వచ్చింది? మనవరాలికి చెప్పాడా? రంగూన్ నుంచి ఉత్తరం వేరే మనిషి చేత రాయించాడా? రాయించిన ఉత్తరమైతే రెండు గొంతులు కలిసి వస్తాయి. ‘ఇచ్చట మేము క్షేమము, అచ్చట మీ క్షేమమునకు’ అనేది రాసిపెట్టినవాడి మాట. మధ్యలో హఠాత్తుగా వచ్చే ‘ఎర్రావు ఈనిందా’ అనేది తాత మాట. ఆ అతుకు కనిపించనివ్వండి.

ఏ సాధనం మీద చెబుతున్నారో దాన్ని బట్టి మాట పొడవు మారుతుంది. మనియార్డరు ఫారం కింద కూపన్ ముక్కలో రెండు మూడు వాక్యాలకు మించి పట్టేవి కావు. ఖరగ్‌పూర్ కొడుకు ఆ జాగాలో ప్రతి నెలా ఏం రాస్తాడో పన్నెండు నెలలకు పన్నెండు రాసి చూడండి. ఎప్పుడు ‘అమ్మకు మందు కొనగలరు’ అన్నాడు, ఎప్పుడు ఖాళీగా వదిలేశాడు? ఆ పన్నెండు ముక్కల్లో పాత్ర చాలావరకు దొరుకుతుంది. ఎస్టీడీ బూత్‌లో మాట్లాడేవాడు మీటరు మీద కన్ను వేసి మాట్లాడతాడు కాబట్టి ముఖ్యమైనది మొదటే చెప్పేస్తాడు, లేదా చెప్పకుండానే పెట్టేస్తాడు. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపే మనవరాలికి ఆ తొందర లేదు. ఆమె చుట్టూ తిరిగి వస్తుంది.

ఎంతమంది ‘నేను’లు? రెండు చాలు, మూడు దాటొద్దు. మూడు పెడితే ఒక పరీక్ష ఉంది. అధ్యాయాల మీది పేర్లు మూసేసి, ఒక్కో అధ్యాయం మొదటి ఐదు వాక్యాలు కథ తెలియని మనిషికి చదివి వినిపించండి. ఎవరు మాట్లాడుతున్నారో మూడింట్లోనూ పట్టుకోగలిగితే సరే. ఒక్కటి తప్పినా గొంతు ఇంకా తయారుకాలేదని అర్థం. పైన పేరు పెట్టి దాన్ని కప్పిపుచ్చలేరు.

3. చూసింది, విన్నది, తెలియంది

ఒక్కో కథకుడికి ఒక పేజీ తీసుకుని మూడు గళ్ళు గీయండి. ఒక్కో గడిలో కనీసం పదిహేను విషయాలు. మూడో గడి నింపడమే కష్టం, దాన్ని వదిలేయకండి.

1942 నడకే తీసుకోండి. బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఒకే దారిన రాలేదు. కొందరు టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి చేరి, పడవల మీద చిట్టగాంగ్ వైపు వచ్చారు. కొందరు చింద్విన్ నది దాటి టామూ మీదుగా మణిపూర్‌లోకి వచ్చారు. మీ తాత ఏ దారిన వచ్చాడో మీరు తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక దారిలో చివరికి సముద్రం కనిపిస్తుంది, రెండోదాంట్లో కనిపించదు. బారువ తీరం మనిషికి అది చిన్న తేడా కాదు. చూసిన గడిలోకి జలగలు, కలరా, నీళ్ళు దొరకని మైళ్ళు, ముందు నడిచినవాడి మడమలు వెళతాయి. తెలియని గడిలోకి మొత్తం ఎంతమంది నడిచారు, ఎంతమంది పోయారు, పటంలో ఆ దారి ఎలా ఉంటుంది అనేవి వెళతాయి. ‘రెండో ప్రపంచ యుద్ధం’ అన్న మాట కూడా అక్కడికే. అతనికి అది ‘జపానోడు బాంబులేసిన ఏడు’.

ఆ మాట మనవరాలి దాకా వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. రంగూన్ మీద బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. విశాఖపట్నం మీద పడింది 1942 ఏప్రిల్ 6న. తాత చెప్పే బాంబులు రంగూన్‌వి, ఊళ్ళో నానమ్మ చెప్పే బాంబులు విశాఖవి. మనవరాలు రెంటినీ కలిపేసి, తాత విశాఖ రేవులో బాంబుల మధ్య దిగాడని చెబుతుంది. ఆ తప్పు అలాగే ఉంచండి. పుస్తకంలో మరోచోట అసలు తేదీ తెలిసేలా ఒక ఉత్తరమో, కొడుకు మాటో పెట్టండి. పాఠకుడు తనంతట తాను సరిచేసుకున్నప్పుడు, ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పూర్తిగా అడగలేదని అతనికి అర్థమవుతుంది. మీరు వివరించనక్కర్లేదు.

విన్నదాన్ని చెప్పడానికి తెలుగులో ‘అట’ ఉంది. ‘నడిచొచ్చాడట’, ‘మూడు రోజులు తినలేదట’. దీన్ని ప్రతి వాక్యానికీ తగిలిస్తే చెవికి విసుగు. మొదటి రెండు వాక్యాల్లో వాడి ఇది విన్న కథ అని స్థిరపరచండి. తర్వాత మామూలు భూతకాలంలోకి దిగి నేరుగా చెప్పండి. చెప్పేవారికే అనుమానం వచ్చిన చోట మళ్ళీ ‘అట’ తేండి. పేజీన్నర నేరుగా సాగిన కథ మధ్య హఠాత్తుగా ‘మేస్త్రీ దారిలోనే పోయాడట’ (మేస్త్రీ అంటే ముందు డబ్బు పెట్టి కూలీలను రంగూన్ తీసుకెళ్ళినవాడు) అని పడితే, అక్కడేదో దాచారని పాఠకుడి చెవి పట్టేస్తుంది.

బాల్యం రాసేటప్పుడు ‘వెళ్ళేవాళ్ళం, తినేవాళ్ళం, పాడేది’ అని అలవాటు క్రియలు వరసపెట్టి వస్తాయి. ఇవి ఐదారు వాక్యాలు దాటితే అధ్యాయంలో ఏదీ జరగనట్టే ఉంటుంది. నాలుగు వాక్యాల్లో అలవాటు చెప్పి, ఆ అలవాటు తప్పిన రోజుకు రండి. నాన్న నైట్ డ్యూటీ నుంచి రోజూ ఏడింటికి వచ్చేవాడు. పదకొండింటికి వచ్చిన రోజుతో కథ మొదలవుతుంది.

4. గొంతు కుదర్చడం

యాస దగ్గర రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, సినిమాల్లో విన్న ఒకే రకం ‘శ్రీకాకుళం యాస’ను అందరికీ తగిలించడం. ఇచ్ఛాపురం వైపు మాటలో ఒడియా కలుస్తుంది. తీరం మత్స్యకారుల మాట వేరు, విజయనగరం పట్నం మాట వేరు, పాలకొండ కొండవార మాట వేరు. రెండోది ఇంకా చెడ్డది. కథకుడేమో పుస్తకాల తెలుగులో రాస్తాడు, నానమ్మా పాలేరూ మాత్రమే యాసలో మాట్లాడతారు. అలా రాస్తే కథకుడు తన సొంత ఇంటివాళ్ళను మెట్టు కింద నిలబెట్టినట్టవుతుంది. ఊరికొచ్చి మూడో రోజుకు కథకుడి నోట కూడా ‘బేగి రా’, ‘ఏటి’ రావాలి. ఖరగ్‌పూర్ తిరిగి వెళ్ళాక తగ్గాలి. ఆ హెచ్చుతగ్గులే అతని ప్రయాణం.

పని చేసే పద్ధతి ఇది. ఒక్కో పాత్రకు ఐదు లక్షణాలు ఎంచుకుని రాసిపెట్టుకోండి, చివరిదాకా అవే వాడండి. తాతకు: నేను అనడానికి నాను, లేదు అనడానికి నేదు, ఏమిటి అనడానికి ఏటి, చ బదులు స (సేసినాను, సెప్పినాను), వె బదులు ఎ (ఎల్లిపోనాడు). అంతే. ప్రతి అక్షరాన్నీ విన్నట్టే రాయాలని చూస్తే పాఠకుడు కూడబలుక్కుని చదవాల్సి వస్తుంది, దుఃఖం వచ్చే చోట కూడా నవ్వొస్తుంది. ఉచ్చారణ కంటే మాటల వరస, పదాల ఎంపిక ఎక్కువ పని చేస్తాయి: గెడ్డ (వాగు), కల్లం, చోళ్ళు (రాగులు), అంబలి, బుగత (భూస్వామి), గుంట (అమ్మాయి), అప్ప (అక్క).

వరస, మర్యాద: కొడుకు ఇంట్లో తండ్రిని ‘అయ్యా’ అని పిలుస్తాడు. వర్క్‌షాపులో తోటివాళ్ళతో ‘మా నాన్న’ అంటాడు. కూతురి పెళ్ళి చూపుల్లో ‘మా నాన్నగారు బర్మాలో ఉండేవారు’ అంటాడు. మనిషి ఒక్కడే, వినేవాడు మారాడు. ఆ ‘గారు’, ఆ ‘ఉండేవారు’ చూస్తే అతను ఎంత దూరం వచ్చాడో, దేనికి సిగ్గుపడుతున్నాడో తెలుస్తుంది.

మేము, మనము. వలస కథ రాసేవాడికి ఇంతకంటే పదునైన పనిముట్టు లేదు. కొడుకు మొదటి అధ్యాయాల్లో భార్యతో ‘మన ఊరు’ అంటాడు, పక్క క్వార్టర్ బెంగాలీ కుటుంబంతో ‘మా ఊరు’ అంటాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒకనాడు సొంత కూతురితో ‘మా ఊళ్ళో అయితే’ అని మొదలుపెడతాడు. ఆ ఒక్క అక్షరంతో కూతురు బయట నిలబడిపోయింది. పుస్తకం మొత్తంలో దీన్ని ఒక్కసారే చేయండి, ఎవరూ గమనించినట్టు రాయకండి.

ఇక ‘నేను’ అన్న మాట. తెలుగు క్రియలోనే ‘నేను’ ఉంటుంది కాబట్టి వాక్యానికొకటి అక్కర్లేదు. ‘నేను స్టేషన్లో దిగాను. నేను చుట్టూ చూశాను. నేను ఎవరినీ గుర్తుపట్టలేదు.’ దీన్ని ‘ఆమదాలవలసలో దిగి చుట్టూ చూశాను. తెలిసిన ముఖం లేదు’ అని మార్చండి. 250 మాటల పేజీకి ఐదారు ‘నేను’లు దాటితే ఎర్ర సిరాతో చుట్టి తీసేయండి. ఎదుటివాళ్ళ నుంచి తనను విడదీసుకునే చోట మాత్రం ఉంచండి: ‘అందరూ లేచారు. నేను లేవలేదు.’ పై ఉదాహరణలో ఊరి మనిషి ‘ఆమదాలవలస’ అన్నాడని గమనించారు కదా. టికెట్టు మీద చూసి వచ్చిన మనవరాలు ‘శ్రీకాకుళం రోడ్’ అంటుంది. స్టేషను ఒకటే.

5. ఒకే సంగతిని మూడు నోళ్ళతో రాయించండి

నవల మొదలుపెట్టే ముందు చేయాల్సిన అభ్యాసం ఇది. కుటుంబంలో ఒక సంగతి ఎంచుకుని, ఒక్కో గొంతులో 300 మాటలు రాయండి. ఇక్కడ చిన్న ముక్కలుగా చూద్దాం. సంగతి: తాత రంగూన్ నుంచి వట్టి చేతులతో వచ్చాడు.

తాత, మనవరాలితో, 1987లో:
“ఏటి తెచ్చినావంటే ఏటి సెప్పనే గుంటా. పానం తెచ్చినాను. మేస్త్రీ అప్పు ఆడికాడే ఉండిపోనాది. ఆడు రానేదు. అదీ మంచిదే అయినాది.”

కొడుకు, వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రాడితో, 1990లో:
“మా నాన్న ఆరేళ్ళు రంగూన్‌లో చేశాడు. పైసా మిగల్లేదు. నాకు మొదటి జీతం వచ్చిన రోజే పోస్టాఫీసులో పుస్తకం తెరిచాను. నువ్వూ తెరువు.”

మనవరాలు, తన కూతురితో, 2020లో:
“తాత బర్మా నుంచి నడిచి వచ్చాడట. నాన్న ఎప్పుడూ ఆ నడక గురించే చెప్పేవాడు. డబ్బు సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకసారి నేను అడిగితే అత్త లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.”

తాత మాటలో దాపరికం లేదు, ఒక క్రూరత్వం ఉంది. తోటి మనిషి చావు తన అప్పు తీర్చిందని తొమ్మిదేళ్ళ పిల్లకు చెబుతున్నాడు. ఆ పిల్లకు అప్పట్లో అర్థం కాలేదు. అందుకే ముప్ఫై మూడేళ్ళ తర్వాత ఆమె చెప్పే ముక్కలో మేస్త్రీ లేడు. ఆమె మరిచిపోయిందా, దాస్తోందా అన్నది మీరు నిర్ణయించాలి. కొడుకు ముక్కలో తండ్రి జీవితం ఒక పాఠంగా కుదించుకుపోయింది. అతను మనుషుల గురించి మాట్లాడటం మొదలుపెట్టి ప్రతిసారీ పొదుపు దగ్గర తేలతాడు. ఇలా రాశాక ‘మా నాన్న జాగ్రత్తపరుడు’, ‘తాత మొండివాడు’ లాంటి వాక్యాలు ఇక అవసరం ఉండవు. ఉంటే కొట్టేయండి.

మేస్త్రీ పద్ధతి ఎలా పనిచేసేదో తెలుసుకుని రాయండి. మేస్త్రీ ముందుగా బయానా, ఓడ ఖర్చు పెట్టి ఊరి మనుషుల్ని తీసుకెళ్ళేవాడు. ఆ బాకీ వాళ్ళ కూలిలోంచి కోసుకునేవాడు, పైన తన వాటా. కాబట్టి ‘మా తాత రంగూన్‌లో మేస్త్రీ’ అని గర్వంగా చెప్పే ఇల్లు, పక్కింటివాళ్ళ కూలిలో వాటా తిన్న ఇల్లు కూడా కావచ్చు. ఆ రెండిళ్ళు ఈనాటికీ ఒకే వీధిలో ఉంటే, పిలుపుల దగ్గర, పెళ్ళి భోజనాల దగ్గర ఏం జరుగుతుంది? వలసను కేవలం కన్నీళ్ళ కథగా రాసేవాళ్ళు ఈ ప్రశ్నను దాటేస్తారు. పెద్దవాళ్ళందరూ త్యాగమూర్తులు, పిల్లలందరూ మరిచిపోయినవాళ్ళు అన్న పంపకం పాత్రల్ని చంపేస్తుంది. వెళ్ళినవాడికి వెళ్ళాలని కోరిక కూడా ఉంది, అప్పు ఒక్కటే తోయలేదు. ఊళ్ళో బుగత ముందు చెప్పులు విడిచి నడిచినవాడికి, ఎవరూ ఎరగని పట్నంలో చెప్పులేసుకుని నడవడం ఎలా ఉంటుందో రాయండి.

6. వస్తువులు, తిండి, పని

తీరప్రాంతపు ఇల్లు అనగానే అడ్డపొగ తాగే (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే) నానమ్మ, తాటాకు కప్పు, ఉప్పుచేప వచ్చి కూర్చుంటాయి. ఇవి అబద్ధాలు కావు, కానీ ఆ ఇంట్లో పుట్టిన కథకుడి కంటికి ఇవి ఆనవు. రోజూ ఉండేదాన్ని ఎవరూ వర్ణించరు. చుట్ట ఆరిపోయినా నానమ్మ నోట్లోంచి తీయకుండా కూర్చున్న రోజు చెప్పండి. వస్తువు పని చేసినప్పుడే పేజీలోకి రావాలి. ఒక్కో తరానికి మూడు వస్తువులు చాలు. వాటిలో ఒకటి తరాలు దాటి వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిచోటా దాని వాడకం మారాలి. తాత ట్రంకుపెట్టెలో కొడుకు ఉద్యోగం కాగితాలు పెట్టుకున్నాడు. మనవరాలి ఇంట్లో దాని మీద పూలకుండీ ఉంది.

పని గురించి రాసేటప్పుడు ఆ పనివాళ్ళ మాటలే వాడండి. వర్క్‌షాపులో షిఫ్టు, షెడ్డు, ఓటీ, ఫోర్‌మన్. వెరావల్ బోటులో తండేలు (బోటు నడిపే పెద్ద), కలాసీ (అతని కింద పనివాడు). వేటకు వెళ్ళే కుటుంబమైతే క్యాలెండరు కూడా మారిపోతుంది. ఆగస్టు ప్రాంతంలో మగవాళ్ళు వెళతారు, మే, జూన్‌కు తిరిగొస్తారు. దసరా, సంక్రాంతి వాళ్ళు లేకుండా గడుస్తాయి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ‘నాన్న వచ్చే నెలలు’ అని వేసవిని లెక్కపెడుతుంది. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మన మత్స్యకారులు తిరిగొచ్చింది 2020 జనవరిలో. ఆ నడుమ ఒక వేసవి నాన్న లేకుండా పోయింది. ఆ ఇంటి పిల్ల ‘నేను’ అని చెబితే పాఠకుడికి కావలసింది రెండు దేశాల చర్చల వివరం కాదు. ఆ మేలో ఇంట్లో ఏ పని ఆగింది, అప్పుకు ఎవరు హామీ ఉన్నారు అన్నది.

7. అక్కడే పుట్టిన పిల్ల ‘నేను’ అంటే

న్యూజెర్సీలో పుట్టిన అమ్మాయి తెలుగులో ఆలోచించదు. మీరు ఆమె మనసును తెలుగులో రాస్తున్నారు. ఈ చిక్కును ఒప్పుకుని పని చేస్తే బాగుంటుంది. ఆమె నోట సామెతలు రాకూడదు. చెట్ల పేర్లు రాకూడదు. జీడితోట చూస్తే ‘వంకర కొమ్మల పొట్టి చెట్లు’ అంటుంది. దూరం మైళ్ళలో చెబుతుంది, ఎండ 95 డిగ్రీలంటుంది. వరసల్లో తన ఇంట్లో వాడే నాలుగైదే తెలుసు. పెదనాన్న కొడుకుని పేరు పెట్టి పిలుస్తుంది.

సంభాషణల్లో ఆమె ఇంగ్లీషును తెలుగు లిపిలో పేజీల కొద్దీ దింపకండి. ‘అని ఇంగ్లీషులో చెప్పాను’ అని ఒక్కసారి చెప్పి, మామూలు తెలుగులో సాగిపోండి. ఆమె తెలుగులో మాట్లాడిన అరుదైన చోట్ల మాత్రం ఆ తెలుగు ఎలా ఉందో చూపండి. ఇంట్లో అమ్మానాన్న తనను ‘నువ్వు’ అనడమే విన్నది కాబట్టి ఆటో అతన్నీ, అర్చకుణ్ణీ, అమ్మ మేనమామనూ అందర్నీ ‘నువ్వు’ అంటుంది. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారు, ఆమెకు ఎందుకో తెలియదు. ఆమెను ఎగతాళి చేయడానికి దీన్ని వాడొద్దు. ఆమె పట్టుకున్న వేరే సంగతి ఒకటి ఉండాలి, ఇంటివాళ్ళు ఎవరూ చూడనిది. మాట పూర్తిగా అర్థం కానివాళ్ళు ముఖాలు బాగా చూస్తారు.

కథను విమానాశ్రయంలో మొదలుపెట్టకండి. అద్దంలో తనను తాను చూసుకునే వర్ణనా వద్దు. ‘నీకు తెలుసు కదా, మన తాత 1936లో రంగూన్ వెళ్ళాడని’ లాంటి సంభాషణ అసలే వద్దు. ఇద్దరికీ తెలిసింది ఎవరూ చెప్పుకోరు. పాఠకుడికి అది చేరాలంటే ఆ ఇద్దరూ దాని గురించి గొడవపడాలి.

8. పెద్దవాళ్ళ దగ్గర అడిగి తెలుసుకోవడం

‘నీ కథ చెప్పు తాతా’ అంటే అందరికీ చెప్పే పాత కథే వస్తుంది. వస్తువుల గురించి అడగండి. ఓడలో పక్కన ఎవరు పడుకున్నారు, దిగిన పూట ఏం తిన్నారు, మొదటి కూలి ఎక్కడ దాచారు. ఒక విడతకు నలభై నిమిషాలు చాలు. చెప్పిన వరసలోనే రాసుకోండి, తేదీల ప్రకారం సర్దకండి. ఏది ముందు గుర్తొచ్చింది, దేని తర్వాత ఆగిపోయారు అన్నవే రేపు మీ కథకుడి వరస అవుతాయి. అదే సంగతిని అన్నాచెల్లెళ్ళిద్దరినీ విడివిడిగా అడగండి. తేడా వచ్చిన చోట గుర్తు పెట్టుకోండి, వాళ్ళ ముందు సరిదిద్దబోకండి.

రెండో తరం గొంతు కోసం శ్రీకాకుళంలోని కథానిలయం మంచి చోటు. 1997లో మొదలైన ఈ గ్రంథాలయం తెలుగు కథల కోసమే ఉంది. పాత పత్రికల కథలు చాలావరకు ఇంటర్నెట్‌లో కూడా చదవవచ్చు. మీ పాత్రకు ఇరవై ఏళ్ళున్నప్పుడు అచ్చయిన కథలు పది చదవండి. కథావస్తువును పట్టించుకోకండి. ఆ రోజుల్లో చదువుకున్న కుర్రాడు ఏ మాటలు గొప్పగా వాడేవాడో చూసుకోండి. మీ ఖరగ్‌పూర్ కొడుకు ఉత్తరాల్లో అవి పడతాయి.

9. తిరగరాసేటప్పుడు

చిత్తు ప్రతిని రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత పైకి చదవండి. 2000 మాటల అధ్యాయానికి ఇరవై నిమిషాలు పడుతుంది. నాలుక తట్టుకున్న చోట గీత గీయండి. ఎక్కువసార్లు అక్కడ మీరు మాట్లాడుతుంటారు, పాత్ర కాదు. తర్వాత మూడు గళ్ళ పేజీలు బయటికి తీసి, ప్రతి పేరానూ ‘ఇది ఇతనికి ఎలా తెలుసు’ అని అడగండి. జవాబు లేనిదాన్ని మూడు రకాలుగా బాగుచేయవచ్చు: తెలిసిన మనిషి నోట పెట్టడం, ‘అయి ఉంటుంది’ అని ఊహగా మార్చడం, తీసేయడం. ఊహ మంచి దారే. ‘ఆ రాత్రి తాత ఏడ్చాడు’ అన్నది మనవరాలికి తెలిసే వీలు లేదు. ‘ఆ రాత్రి తాత ఏడ్చి ఉంటాడని నాన్న ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుంటాను’ అంటే ముగ్గురూ కనిపిస్తారు.

సొంత ఇంటి కథ ఆధారంగా రాస్తే, బతికున్నవాళ్ళకు అచ్చుకు ముందే చూపించండి. అప్పు, రెండో పెళ్ళి, భూమి తగాదా ఉన్న పేజీలైతే తప్పనిసరిగా. ఇంటిపేరు, ఊరు, ఉద్యోగం మూడూ నిజమైనవే ఉంచితే చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు మనిషిని ఇట్టే పోల్చేస్తారు. కనీసం రెండు మార్చండి. ఊరు మార్చినప్పుడు దాని రేవు, దగ్గరి స్టేషను, అమ్మవారి పండగ, యాసలో ఆ ఐదు లక్షణాలు కూడా మార్చాలి. బారువ తాతను పేరు మార్చి పూసపాటిరేగలో దింపి, నోట్లో బారువ మాటే ఉంచితే, ఆ వైపు పాఠకుడు మొదటి పేజీలోనే పట్టేస్తాడు.